శిరివెళ్ళ దాటని కారు

ఆళ్ళగడ్డ,
6-8-1979.

బావగారు దేవసహాయం గారికి కృపావరం వందనాలు.

మీకు ఉత్తరం రాసి తొమ్మిదేళ్ళు దాటింది. నంద్యాలలో అక్క సమాధి దగ్గర విడిపోయాక మనం ఎదురుపడింది లేదు. అమ్మ పోయినప్పుడు టెలిగ్రాం ఇచ్చాను. అది మీకు అందిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ ఉత్తరం ఇంటి సంగతులు చెప్పడానికి కాదు, కారు గురించి.

మీ కారు అప్పటి నుంచి మా చర్చి వెనక షెడ్డులోనే ఉంది. ఆ షెడ్డులో మా బడికి ఇంకో తరగతి పెట్టాలని సంఘం వాళ్ళు తీర్మానించారు. క్రిస్మస్ లోపల ఖాళీ చేయాలి. పాత విలాయతీ కార్లు పోగుచేసే ఆసామి ఒకాయన బెంగుళూరు నుంచి వచ్చి చూసిపోయాడు. బానెట్ ఎత్తి గాలి పెట్టె చూపిస్తే మనిషి వంగి దాన్ని చేత్తో తడిమి చూశాడు. నడిస్తే ఉన్నది ఉన్నట్టు తీసుకుపోతానన్నాడు. నడవకపోతే పాత ఇనుము వాళ్ళు వచ్చి ముక్కలు చేస్తారు. కారు మీది కాబట్టి అడుగుతున్నాను.

ఇక్కడ ట్రాక్టర్లు బాగుచేసే శేషయ్య అని ఉన్నాడు. అతను బ్యాటరీ ఇచ్చాడు. టైర్లు ఎక్కడెక్కడో అడిగి తెచ్చాము. ట్యాంకు దించి, కడిగి, ఎండబెట్టి కొత్త పెట్రోలు పోశాను. దయచేసి ఈ ముక్క రెండుసార్లు చదవండి. పాత పెట్రోలు చుక్క లేదు. ఇంజను స్టార్ట్ అయింది. నిలబెట్టి ఉంచితే చక్కగా తిరుగుతుంది. రోడ్డెక్కి, ఎత్తు వచ్చి, గట్టిగా తొక్కితే మాత్రం గొంతు పట్టేసినట్టు అవుతుంది. నల్లటి పొగ వదిలి ఆగిపోతుంది. ఆ రోజు శిరివెళ్ళ దగ్గర ఎట్లా ఆగిందో అచ్చం అట్లాగే.

ఏం చేయాలో తెలియజేయగలరు.

ఇట్లు,
కృపావరం.


నంద్యాల,
14-8-1979.

కృపావరానికి,

నువ్వు నన్ను "మీరు" అన్నావు. మీ అక్కను చేసుకునే నాటికి నీకు ఆరేళ్ళు. నా భుజాలెక్కి కుందూ ఏరు దాటినవాడివి. ఇప్పుడు "తెలియజేయగలరు" అని రాస్తే తాలూకాఫీసు నుంచి నోటీసు వచ్చినట్టుంది. తిట్టదలుచుకున్నా నువ్వు అనే తిట్టు.

టెలిగ్రాం అందింది. నేను రాలేదు.

ఇక పని మాట. ముందు మీ శేషయ్యకు ఒకటి చెప్పు. అతను ట్రాక్టరు మనిషి, ఇది వేరే జాతి. మామూలు ఇంజను తనకు కావలసిన గాలి తనే పీల్చుకుంటుంది. దీనికి మా మిషను ఆసుపత్రి దొరసాని డాక్టరమ్మ మద్రాసులో గాలి పెట్టె బిగింపించి తెచ్చింది. ఆమె దాన్ని సూపర్‌చార్జర్ అనేది. మారాం చేసే పిల్లవాడికి తల్లి ముద్దలు కుక్కినట్టు, ఇది బయటి గాలిని పట్టి ఇంజను నోట్లోకి తోస్తుంది. అందుకే మందుల పెట్టెలు, నలుగురు మనుషులు ఎక్కినా గిద్దలూరు ఘాటు ఎక్కి చెంచుగూడేలకు పోయేవాళ్ళం. చెంచులు తేనె ఇస్తే డాక్టరమ్మ సీసా నా చేతికిచ్చేది, నేను మీ అక్క చేతికిచ్చేవాణ్ణి. దేశం వదిలిపోతూ ఆమె కారు నాకే రాసిచ్చింది. ఇవన్నీ నీకు తెలుసు. రాయడం మొదలుపెడితే ఆగడం లేదు.

తొమ్మిదేళ్ళు నిలబడిన బండి పెట్రోలు మార్చినంత మాత్రాన లేచి పరుగెత్తదు. నువ్వు పోసిన కిరసనాయిలు లోపల జిగటగా జీడు కట్టి ఉంటుంది. ప్లగ్గులు విప్పి చూడు, ఏ రంగులో ఉన్నాయో రాయి. కార్బొరేటరు విప్పి పెట్రోలుతో కడుగు. సన్నటి రంధ్రాల్లో సూది పెట్టవద్దు, నోటితో ఊదు.

జొన్నరొట్టె నేనే తట్టుకుంటున్నాను. ఒక పక్క మాడుతుంది, రెండో పక్క పచ్చిగా ఉంటుంది. ఎవరు అడగబోతారు.

దేవసహాయం.


ఆళ్ళగడ్డ,
22-8-1979.

బావా,

"నువ్వు" అనే రాస్తున్నాను. మొదటి రెండు వాక్యాలు కొట్టేసి మళ్ళీ రాశాను.

ప్లగ్గులు నాలుగూ మసిబొగ్గు మాదిరి ఉన్నాయి. తుడిచి పెట్టి, నాలుగు మైళ్ళు నడిపి విప్పితే మళ్ళీ అంతే. కార్బొరేటరు కడిగాను. జీడు లేదు. శేషయ్య కూడా వేలు పెట్టి చూశాడు.

నువ్వు పోసిన కిరసనాయిలు అని రాశావు. రాస్తావని తెలుసు. ఆ రోజు సంగతి మనం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. పొద్దున అక్కను మా ఇంట్లో దించి, కారు ఇక్కడే పెట్టి, నువ్వు బస్సెక్కి ఆసుపత్రి డ్యూటీకి పోయావు. మధ్యాహ్నం గాలి దుమ్ము లేచింది. అక్కకు ఆయాసం ముదిరింది. కారులో పెట్రోలు ముల్లు ఎప్పటి నుంచో పనిచేయదు, ఎంత ఉందో తెలియదు. బంకు మూసి ఉంది. నంద్యాల దాకా చాలదేమోనని భయపడి లాంతరు కిరసనాయిలు ఒక సీసా పోశాను. శిరివెళ్ళ ముందర మెట్ట ఎక్కుతుంటే కారు ఆగింది. మళ్ళీ కదలలేదు. అటు పోయే బస్సు వచ్చేటప్పటికి అక్క లేదు.

నువ్వు వచ్చి ట్యాంకు మూత తీసి వాసన చూసి, "కిరసనాయిలు పోసినావా?" అని అడిగావు. పోసినానన్నాను. అంతే. ఆ ఒక్క మాట, కారులో అక్క పక్కన కూర్చున్న అమ్మ విన్నది. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. నేనిచ్చిన నీళ్ళు తాగింది, నేను తెచ్చిన బట్ట కట్టుకుంది. నా ముఖం వైపు మాత్రం చూడలేదు. పోయే రోజు కూడా గోడ వైపు తిరిగే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. బెంగుళూరాయన కోసం నేను ఈ చేతులు మసి చేసుకోవడం లేదు. కొత్త పెట్రోలు పోస్తే కారు శుభ్రంగా నడుస్తుందనీ, ఆపింది నా కిరసనాయిలేనని తేలిపోతుందనీ అనుకున్నాను. తేలితే తలవంచుకుని ఊరుకునేవాణ్ణి. కానీ కిరసనాయిలు లేకపోయినా ఆగుతోంది. మరి అక్కను చంపింది నేనా, కాదా? నాకు తెలియాల్సింది అదే.

నువ్వు వచ్చి చూస్తే ఒక్క పూటలో తేలిపోయేది. ఎంత, నలభై కిలోమీటర్లే కదా.

మా ఇంటిది అరుణకుమారి నీకు వందనాలు చెప్పమంది. గాలి పెట్టె మూతికి నువ్వు బిగించిన డాల్డా టిన్ను ఇన్నేళ్ళయినా కదల్లేదని శేషయ్య మెచ్చుకున్నాడు.

నీ బావమరిది
కృపావరం.


నంద్యాల,
3-9-1979.

కృపా,

నలభై కిలోమీటర్లే కదా అని రాశావు. రమ్మని పిలిచావో, రాలేదని దెప్పావో నాకు అర్థం కాలేదు. రెండోదే అనుకున్నాను. నేను ఉండేది బస్టాండు పక్కనే. ఆళ్ళగడ్డ బస్సులు రోజుకు ఎన్ని పోతాయో, ఏ బస్సుకు గేరు కరకరమంటుందో, దేనికి సైలెన్సరు చిల్లిపడిందో మంచం మీద పడుకునే చెప్తాను. ఎక్కడం మాత్రం నా వల్ల కాదు. దారిలో శిరివెళ్ళ ఉంది.

ప్లగ్గులకు మసి పడుతోందంటే ఇంజనుకు పెట్రోలు ఎక్కువై మండటం లేదన్నమాట. కార్బొరేటరులో తేలే బుడ్డి ఉంటుంది, దాని కింద సూది అరిగి ఉంటుంది. నా దగ్గర పాత పెట్టెలో ఒకటి దొరికింది. బాలస్వామి అని ఆళ్ళగడ్డ బస్సు కండక్టరు, మనవాడే. అతని చేతికిచ్చి పంపిస్తున్నాను. చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా చూడు. స్పార్కు పాయింట్లకు పట్టిన మసి గీకు.

అమ్మడానికి ఎందుకంత తొందర? ఉన్నది ఉన్నట్టు తీసుకుపోతాడని రాశావు. మీ అక్క కూర్చున్న సీటు కూడానా? నీకు షెడ్డు ఖాళీ అయితే చాలు, ఆమె గురుతు ఏదీ కంటికి ఆనకూడదు. అంతే కదా. నీ బాధ నీది, నేను కాదనను.

దేవసహాయం.

బాలస్వామికి టీ తాగించు.


ఆళ్ళగడ్డ,
17-9-1979.

బావా,

నీ ఉత్తరం అరుణకుమారికి చదివి వినిపించాను. సీటు మాట దగ్గర ఆమె లేచి లోపలికి పోయింది. తొమ్మిదేళ్ళుగా ఆ సీటు తుడిచింది ఆమె. నెలకోసారి కొబ్బరినూనె రాస్తుంది, తోలు పగలకుండా. నేను ఆ సీటు వైపు పోను, నిజమే. అది గురుతు చెరుపుకోవడానికి అని నువ్వు అనుకుంటే అనుకో.

సూది మార్చాను. చోక్ బాగుంది. పాయింట్లు గీకాను. శేషయ్య వాల్వులు కూడా సరిచూశాడు, నువ్వు చెప్పకముందే. అహోబిలం దారిలో మొదటి ఎత్తు దగ్గర మళ్ళీ అదే గొంతు, అదే పొగ. ఇద్దరం తోసుకుంటూ వెనక్కి తెచ్చాము. బడి పిల్లలంతా చూశారు. తోస్తూ తోస్తూ శేషయ్య ఒక మాటన్నాడు. "సారూ, మీ బావకు రోగం తెలీక గాదు. తెలిసే నిన్ను తిప్పుకుంటాండాడు. యాడ ముగిసిపోతాదో అని."

నేను అతని మీద కోప్పడ్డాను. కానీ రాత్రంతా ఆ మాటే. నువ్వు ఒక్కడివే ఉన్నావు. ఉత్తరాలు రావాలని ఈ పరీక్షలు పెడుతుంటే ఆ మాట చెప్పు, బావా. కారు బాగైనా రాస్తాను. కారు గురించి కాకపోయినా రాస్తాను.

ఇంకొకటి. జీడు జీడు అంటున్నావు. ఎక్కడా కనబడలేదు. కిరసనాయిలు ఎంత పోస్తే జీడు కడుతుంది? ఎంత పోస్తే ఇంజను ఆగుతుంది? నేను బడిపంతుల్ని, నాకు లెక్కతో చెప్పు.

కృపావరం.


నంద్యాల,
25-9-1979.

కృపా,

మీ శేషయ్య గట్టివాడే. ఉన్నమాటే అన్నాడు.

పోస్టుమాను పదకొండున్నరకు మా వీధి మొదట్లోకి వస్తాడు. పదింటి నుంచే నేను వాకిట్లో కూర్చుంటాను. ఆగస్టుకు ముందు నాకు ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో చెప్పలేను. చర్చిలో వందనం అంటే వందనం అంటారు, అంతవరకే. ఇంట్లో నా గొంతు నేనే వినాలంటే రేడియోతో తగాదా పెట్టుకోవాలి. నీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం రెండుసార్లు తింటాను. మిగతా రోజుల సంగతి అడగవద్దు. కాబట్టి అవును, కొన్ని పరీక్షలు అవసరం లేకపోయినా రాశాను. వాల్వులు కూడా రాసేవాణ్ణే, మీవాడు తొందరపడ్డాడు.

ఇక నీ లెక్క. నువ్వు పంతులు అయితే కావచ్చు, ఇంజను దగ్గర నాకు పాఠం చెప్పవద్దు. ఆ రోజు పొద్దున బయలుదేరేటప్పుడు నేనే నంద్యాల బంకులో ఇరవై లీటర్లు పోయించాను. అక్కడికి వచ్చేసరికి పదిహేను తగ్గకుండా ఉంటుంది. పదిహేను లీటర్లలో ఒక సీసా కిరసనాయిలు పడితే ఇంజను కాస్త టకటకమంటుందేమో గానీ ఆగదు. యుద్ధం రోజుల్లో పెట్రోలుకు రేషను ఉన్నప్పుడు నేను అంతకు రెండింతలు కలిపి ఘాటు ఎక్కించాను. జీడూ కట్టదు. కొత్త మెకానిక్కులు ప్రతిదానికీ కల్తీ అంటారు, వాళ్ళ చేత కాక.

గాలి పెట్టెను తిప్పే బెల్టు వదులైందేమో నొక్కి చూడు. వేలెడు లోతు దిగితే వదులని అర్థం. పెట్టె నుంచి ఇంజనుకు పోయే గొట్టం అతుకులకు సబ్బు నురగ పూసి రేసు ఇవ్వు. బుడగలొస్తే గాలి అక్కడ కారిపోతోందని తెలుస్తుంది.

అరుణమ్మతో నేను తప్పుగా రాశానని చెప్పు.

దేవసహాయం.


ఆళ్ళగడ్డ,
2-10-1979.

బావా,

బెల్టు బిగువుగా ఉంది. బుడగలు రాలేదు. అది వదిలెయ్యి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పదిహేను లీటర్లలో ఒక సీసా పడితే ఇంజను ఆగదని నీ చేత్తో రాశావు. యుద్ధం నాటి నుంచే నీకు తెలుసు. అంటే ట్యాంకు మూత తీసి వాసన చూసి నన్ను అడిగినప్పుడు కూడా తెలుసు.

మరి కారు ఎందుకు ఆగింది?

కృపావరం.


ఆళ్ళగడ్డ,
20-10-1979.

బావా,

పద్దెనిమిది రోజులైంది. నీకు ఒంట్లో బాగాలేదేమోనని బాలస్వామిని అడిగాను. "బాగుండాడు సార్, వాకిట్లో కూసోని ఉండాడు, చెయ్యెత్తితే ఎత్తినాడు" అని చెప్పాడు.

ఎందుకు ఆగింది?

కృపావరం.


నంద్యాల,
29-10-1979.

కృపా,

మీ శేషయ్య మెచ్చుకున్నాడని నువ్వు రాసిన డాల్డా టిన్ను ఉంది కదా, గాలి పెట్టె మూతికి ముందర. దానికి మూడు స్క్రూలు. అవి విప్పు. లోపల ఏముందో నేను చూడకుండానే చెప్తాను.

ఆ బండికి గాలి వడగట్టే జాలీ డబ్బా ఒకటి ఉండేది. అది అరిగిపోయింది, మళ్ళీ దొరకలేదు. మన నల్లరేగడి దుమ్ము నీకు తెలుసు. గాలి పెట్టెలోకి పోతే లోపలి రెక్కలు గీసుకుపోతాయి. అందుకని నీళ్ళకుండ మూతికి కట్టినట్టు దాని మూతికి మీ అక్క పాత నూలుచీర పేలిక కట్టేవాణ్ణి, ఒకే పొర. వాన పడకుండా పైన చిల్లులు పొడిచిన డాల్డా టిన్ను. ప్రతి శనివారం విప్పి, ఉతికి, ఆరేసి కట్టేది. శనివారం మీ అక్క తలంటుకునేది, నేను పేలిక ఉతికేది.

ఆ రోజు పొద్దున మేం వచ్చేటప్పుడు శిరివెళ్ళ మెట్ట దిగాక రోడ్డు పని జరుగుతోంది. కంకర, మట్టి, దుమ్ములో ముందు బండి కనబడలేదు. మీ అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. బండి ఆపించింది. "దానికీ నా మాదిరే ఆయాసమొస్తాది, గుడ్డ నాలుగు మడతలు ఎయ్యప్పా" అన్నది. నాలుగు మడతలు వేస్తే గాలి చాలక ఎత్తు ఎక్కదని నాకు తెలుసు. గాలి పెట్టె ఎంత గట్టిగా లాగితే గుడ్డ అంత బిగుసుకుంటుంది. కానీ ఆమె అడిగింది. ఆమె నన్ను అడిగినవి తక్కువ. నెమ్మదిగా పోదాం, ఊరు చేరాక విప్పుదాం అనుకుని వేశాను. సంచిలో ఉన్న కొత్త తువ్వాలు, గంజి కూడా పోలేదు. నవ్వుకుంటూ వేశాను.

మీ ఇంటికి వచ్చేసరికి నా బస్సు కదులుతోంది. పరుగెత్తి ఎక్కాను. గుడ్డ మరిచాను. నీకు చెప్పలేదు.

శిరివెళ్ళ దగ్గర కారు ముందు నిలబడినప్పుడు గుర్తొచ్చింది. మూడు స్క్రూలు. తీసి చూస్తే తెలిసిపోతుంది. అందుకే తీయలేదు. ట్యాంకు మూత తీశాను. కిరసనాయిలు వాసన వచ్చింది. దేవుడు నాకు దారి చూపించాడనుకున్నాను. అట్లా అనుకున్నందుకు కూడా నేను లెక్క చెప్పుకోవాలి.

నేను నిన్ను ఒక్క మాటే అడిగాను. నువ్వే చేశావని అనలేదు. ఇన్నేళ్ళూ ఆ సందులోనే దూరి బతికాను. అత్త విన్నదని నాకు నువ్వు రాసేదాకా తెలియదు. తెలిస్తే చెప్పేవాణ్ణా అంటే, అదీ తెలియదు.

దేవసహాయం.


ఆళ్ళగడ్డ,
5-11-1979.

దేవసహాయం గారికి,

టిన్ను విప్పాను. తువ్వాలు ఉంది. నాలుగు మడతలే. దుమ్ము పట్టి రొట్టె మాదిరి గట్టిపడింది. నడిమధ్యలో గాలి లాగిన గుంట అట్లాగే ఉంది.

అది తీసేసి అహోబిలం దారిలో తీసుకుపోయాను. కారు ఎక్కడా ఆగలేదు. పొగ లేదు. గుట్ట పైదాకా మూడో గేరులో పోయింది. శేషయ్య పక్క సీటులో కూర్చుని చప్పట్లు కొట్టాడు. నేను పైన ఆపి, కిందికి దిగి, చాలాసేపు ఏడ్చాను.

నాకు అప్పుడు ముప్పైయేళ్ళు. ఇప్పుడు ముప్పైతొమ్మిది. మధ్యలో నేను ఏ ఇంటి పెళ్ళిలోనూ పంక్తిలో కూర్చుని తినలేదు. అమ్మ గోడ వైపు తిరిగి పోయింది. మీరు నన్ను ఒక్క మాట అడిగారు, అంతే. నిజమే. ఒక్క మాటే.

కారు బాగైంది. ఇక రాయాల్సిన పని లేదు.

కృపావరం.


నంద్యాల,
13-11-1979.

కృపా,

ఈ కార్డు నువ్వు చదవకపోయినా సరే. కారు బెంగుళూరాయనకు ఇవ్వాలనుకుంటే ఇచ్చెయ్యి. నాకు ఏమీ పంపవద్దు. బండి దింపుడులో ఉన్నప్పుడు గాలి పెట్టె ఈల వేస్తుంది. అది జబ్బు కాదు, దాని గొంతే అంత. భయపడవద్దని చెప్పు.

దేవసహాయం.


నంద్యాల,
20-11-1979.

కృపా,

ఈ రోజు పొద్దున ఆళ్ళగడ్డ బస్సు ఎక్కాను. టికెట్ తీసుకున్నాను. బస్సు ఊరు దాటకముందే దిగిపోయాను. బాలస్వామి, "ఏందన్నా, యాడికి దిగుతాండావ్?" అన్నాడు. వక్కాకు మరిచినానని చెప్పాను. నేను వక్కాకు వేయను, అతనికి తెలుసు.

పోస్టుమాను మా వాకిలి దగ్గర ఆగకుండానే చెయ్యి ఊపి పోతున్నాడు.

దేవసహాయం.


ఆళ్ళగడ్డ,
25-11-1979.

బావా,

రెండు కార్డులూ అందాయి. బెంగుళూరాయన వచ్చాడు. ఇది అమ్మకానికి లేదని చెప్పాను. ఆయన బాధపడ్డాడు, టీ తాగి పోయాడు. షెడ్డు ఖాళీ చేస్తాను. కారు మా ఇంటి వాకిట్లో పెడతాను, పైన తాటాకు కప్పిస్తాను.

నిన్ను క్షమించానని రాయలేను. రాస్తే అబద్ధం అవుతుంది. పొద్దున లేచినప్పుడు ఒక రకంగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఇంకోరకంగా ఉంటుంది. తొమ్మిదేళ్ళు నువ్వు కూడా ఆ వాకిట్లో ఒక్కడివే కూర్చున్నావని అరుణకుమారి అంటుంది. కూర్చోనీ అని నేనంటాను. తర్వాత అన్నం సయించదు.

ఒకటి మాత్రం జరగాలి. శనివారం, డిసెంబరు ఒకటో తేదీ, పొద్దున తొమ్మిదికి కారుతో మీ వాకిట్లో ఉంటాను. నువ్వు ఎక్కాలి. శిరివెళ్ళ దగ్గర నేను ఆపుతాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉందాం. ఆ తర్వాత ఆళ్ళగడ్డ వచ్చి అమ్మ సమాధి దగ్గర ఆ మాట నువ్వే చెప్పాలి. నేను చెప్తే నమ్మదు. నా మాట ఆమె తొమ్మిదేళ్ళ కిందటే నమ్మడం మానేసింది.

ఆ తువ్వాలు అరుణకుమారి మూడు నీళ్ళల్లో ఉతికింది. నేను తెస్తున్నాను. చించి ఒక్క పొర నువ్వే కట్టాలి. మూతికి ఏమీ లేకుండా ఈ దుమ్ములో బండి నడపడం మంచిది కాదని నువ్వే చెప్పేవాడివి.

కృపావరం.


నంద్యాల,
28-11-1979.

కృపా,

శనివారం ఎనిమిది నుంచే వాకిట్లో ఉంటాను. తలుపు తట్టాల్సిన పని లేదు. ఆ బండి బస్టాండు మలుపు తిరిగితేనే నాకు తెలిసిపోతుంది.

అత్త ముందు నిలబడితే నోరు పెగలదని, చెప్పాల్సింది కాగితం మీద రాసుకుంటున్నాను. నిన్నటి నుంచి నాలుగు కాగితాలు చించాను. ఎట్లా మొదలుపెట్టినా రెండో వాక్యంలోకి నీ కిరసనాయిలు వచ్చి కూర్చుంటోంది. రోడ్డు పని వస్తోంది, బస్సు కదలడం వస్తోంది, చివరికి మీ అక్క దగ్గు కూడా వస్తోంది. అవన్నీ కొట్టేస్తే మిగిలింది ఇంత. సరిపోతుందేమో నువ్వు చూడు, ఇంకేమైనా దాచి ఉంటే చెప్పు.

"అత్తా, నేను దేవసహాయాన్ని. కారు ఆపింది నీ కొడుకు గాదు. గుడ్డ నేను కట్టినాను, నేను మరిచినాను. ఆ పొద్దే నాకు తెలుసు. ఇంక వానిపక్క తిరుగు."

దేవసహాయం.